తండ్రిగారి ముక్కు

సముద్రాలకు ఆవల, అజ్‌టెక్‌ల సీమలో, ఒకానొక రాజ్యాన్ని తెక్పాల్ అనే రాజు ఏలుతుండేవాడు. ముక్కుకి బంగారు పోగు, ఆ ముక్కు మీదే కోపం.

ఆ దేశంలో గద్దెనెక్కిన ప్రతి రాజూ పిరమిడ్ కట్టించాల్సిందే. అలాగని పాతదాన్ని కూల్చరు. దాని చుట్టూ రాళ్లూ బంకమట్టీ నింపి, పైన ఇంకా పెద్దది లేపుతారు. తెక్పాల్ పిరమిడ్ కూడా దాదాపు పూర్తయింది. శిఖరాన జంట గుళ్లు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. నిట్టనిలువు మెట్ల కింద అటూ ఇటూ నోళ్లు తెరిచిన రాతి పాము తలలు.

రాజుకి ఆ పాములు నచ్చలేదు.

"వాటిని తీసేసి అక్కడ నా తలలు చెక్కు. వెయ్యేళ్లు జనం నన్నే చూడాలి," అన్నాడు శిల్పి మసాత్‌తో.

మసాత్ ఉలి కింద పెట్టేశాడు. "ప్రభూ, గుడికి కాపలా ఆ పాములే. వాటిని పగలగొట్టడానికి నాకు చేతులు రావు."

"అయితే రేపు సాయంత్రానికల్లా పెళ్లాం పిల్లల్తో ఊరొదిలి పో!"

మసాత్ ఏడ్చుకుంటూ వెళ్లి కొలువులో మాటకారి అయిన తోచ్లికి మొరపెట్టుకున్నాడు. రాజుగారి కోపం ఎక్కించడమూ దించడమూ తెలిసినవాడు తోచ్లి ఒక్కడే.

మర్నాడు పొద్దున్నే తోచ్లి కొలువులోకి పరుగెత్తుకొచ్చాడు.

"మహారాజా, ఘోరం! ఒక కొడుకు కన్నతండ్రిని మట్టిలో పూడ్పిస్తున్నాడు. పెద్దాయనకి ముక్కొక్కటే పైకి కనబడుతోంది. ఆ కొడుక్కేం శిక్ష?"

"వాడి ముక్కు కోయిస్తాను! ఎక్కడ? పద!"

తోచ్లి రాజును పిరమిడ్ వెనక్కి తీసుకెళ్లాడు. కూలీలు అక్కడ ఇంకా గంపలతో మట్టి పోస్తున్నారు. లోపలి పాత పిరమిడ్ గోడ దగ్గర, ఆ మట్టిలోంచి ఒక రాతి ముక్కు పొడుచుకొచ్చి ఉంది.

"ఎవరిదిది?"

"మీ నాన్నగారిది. జనం వెయ్యేళ్లు తననే చూడాలని ఆయనా గోడకి ముఖం చెక్కించుకున్నారు. పూడ్చమన్న ఆజ్ఞ తమరిదే."

రాజు చెయ్యి తన ముక్కు మీదికి పోయింది. కూలీలు గంపలు దించి, నవ్వు ఆపుకోలేక తలలు వంచుకున్నారు.

"మరి నా తలలు చెక్కిస్తే?"

"యువరాజులవారు గద్దెనెక్కగానే మట్టి తెప్పిస్తారు. పాముల్ని మాత్రం ఏ రాజొచ్చినా మళ్లీ చెక్కించక తప్పదు. జనం మొక్కేది వాటికేగా ప్రభూ."

రాజు తండ్రి ముక్కుకేసి చాలాసేపు చూశాడు. పాపం, ఆయన మీద జాలేసింది. ఆ తర్వాత తన మీద తనకే నవ్వొచ్చి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"పాముల్ని అలాగే ఉండనివ్వండి. మసాత్‌ని ఎక్కడికీ పోవద్దని చెప్పండి."

అని, తన బంగారు పోగు ఊడదీసి తోచ్లి చేతిలో పెట్టాడు.

"తీసుకోరా. ముక్కు దక్కింది, పోగు పోతే పోయింది!"