పికిలిపిట్ట పెట్టించుకున్న నెట్ కనెక్షన్

అనగనగా ఒక మహా అడవి. పట్నమంత పెద్దది సుమా! అక్కడ చెట్లన్నీ అపార్ట్‌మెంట్లే. కొమ్మకో కాపురం, తొర్రకో సంసారం.

అలాంటి ఒక మద్దిచెట్టు మీదికి హేమలత అనే పికిలిపిట్ట కొత్తగా అద్దెకు దిగింది. హేమలత పాటల టీచరు. ఎక్కడెక్కడి పిట్టపిల్లలకో ఇంట్లో కూర్చునే వీడియోలో సంగీతం నేర్పేది. వాళ్లలో చంద్రి అనే గోరింకపిల్లంటే ఆమెకు ప్రాణం. చంద్రిది తేనెలాంటి గొంతు. కానీ మహా బిడియం! తెర మీద టీచరు తల ఊపుతూ కనబడితేనే నోరు విప్పేది. త్వరలో వానాకాలం పాటల పోటీ. అదీ వీడియోలోనే. చంద్రి చేత ఎలాగైనా పాడించాలని హేమలత పట్టుదల.

అందుకే ఇల్లయినా సర్దుకోకుండా నెట్ కనెక్షన్ కోసం కబురు పెట్టింది.

ముందు నెమలి వచ్చింది. పురి విప్పి, "మా కనెక్షన్‌తో సినిమాలు ఫ్రీ, ఆటలు ఫ్రీ, గోడ గడియారం కూడా ఫ్రీ మేడమ్!" అంది.

"సినిమాలు చూసే తీరిక నాకెక్కడిదమ్మా?" అని హేమలత పంపేసింది.

తర్వాత వడ్రంగిపిట్ట వీరేశం వచ్చాడు. చెట్టంతా తిరిగి చూశాడు. "అమ్మా, మీది గాలి తగిలే కొమ్మ. పెద్ద వానొస్తే తీగ తెగొచ్చు. తెగితే ఫోన్ చెయ్యండి. నేనే వచ్చి కలుపుతాను" అన్నాడు.

హేమలతకు ఒళ్లు మండింది. "శుభమా అని కనెక్షన్ పెట్టించుకుంటుంటే ఆ తెగే మాటలేమిటయ్యా!" అంది.

"ఉన్నమాట చెప్పానమ్మా" అని వీరేశం వెళ్లిపోయాడు.

చివరికి నల్లకళ్లద్దాలు పెట్టుకుని చిరుతపులి వచ్చింది. "నా పరుగు చూశారా మేడమ్? మా నెట్ అంతకన్నా స్పీడు. తెగడమా? మా దగ్గర ఆ మాటే లేదు!" అంది.

"మాటంటే అదీ!" అని హేమలత మురిసిపోయింది.

కింది తొర్రలోంచి ఉడత సుభద్ర తల బయటపెట్టింది. "వదినా, వాడేవాళ్లని ఒకమాట అడగకూడదూ? మా ఇంట్లో వీరేశం కనెక్షనే" అంది. హేమలత వినిపించుకోలేదు. అక్కడికక్కడే చిరుతకు సరే అనేసింది.

నిజం చెప్పాలంటే, నెట్ రివ్వున వచ్చింది. ఎండ ఉన్నన్నాళ్లూ ఏ గొడవా లేదు.

పోటీ రోజు వచ్చింది. వానా వచ్చింది. చంద్రి పల్లవి ఎంతో బాగా పాడింది. చరణం ఎత్తుకుందో లేదో, ఈదురుగాలి విసిరి కొట్టింది. తెర మీద చంద్రి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

హేమలత గాభరాగా చిరుత ఆఫీసుకు ఫోన్ చేసింది. అక్కడ ఒక రామచిలుక ఎత్తింది.

"మీ కాల్ మాకు ఎంతో విలువైనది. దయచేసి వేచి ఉండండి."

"నాయనా, ఇక్కడ పిల్ల పాట ఆగిపోయింది!"

"మీ కాల్ మాకు ఎంతో విలువైనది."

"చిరుతగారిని పిలవవయ్యా!"

"దయచేసి వేచి ఉండండి."

హేమలత ఫోన్ విసిరేసి సుభద్ర ఇంటికి ఎగిరింది. అక్కడా తీగ తెగే ఉంది. కానీ కొమ్మ చివర వీరేశం ముద్దగా తడుస్తూ తీగ కలుపుతున్నాడు. కాసేపటికి నెట్ వచ్చింది. అప్పటికే పోటీ అయిపోయింది.

హేమలత సుభద్ర ఇంట్లోంచే చంద్రికి వీడియో కాల్ చేసింది. తెర మీద చంద్రి తల వంచుకుని కూర్చుంది. "మీరు కనబడలేదు టీచర్. నాకు గొంతు పెగల్లేదు. వేరేవాళ్లని పిలిచేశారు" అంది.

హేమలత కళ్లు చెమర్చాయి. "తప్పు నీది కాదు తల్లీ, నాది. తియ్యటి మాటకు పడిపోయాను. ఇప్పుడు కనబడుతున్నానుగా? మాకోసం పాడతావా?"

చంద్రి మెల్లగా గొంతు విప్పింది. ఈసారి పాట మొత్తం పాడింది. సుభద్ర చేతిలో పని ఆపేసింది. బయట వీరేశం రెక్కలు దులుపుకోవడం కూడా మరిచిపోయి విన్నాడు.

పాట అయ్యాక హేమలత అతని దగ్గరికి వెళ్లింది. "వీరేశం, మా ఇంటికీ తీగ లాగుతావా? మళ్లీ తెగితే ఎప్పటికి వస్తావో అదీ చెప్పు" అంది.

"ఇలాంటి వానైతే కాస్త ఆలస్యమవుతుందమ్మా. రావడం మాత్రం వస్తాను."

"నాకదే కావాలి" అంది హేమలత.

నీతి: గొప్పలు చెప్పేవాళ్లను కాదు, చెడిపోయిన రోజున వచ్చి బాగుచేసేవాళ్లను ఎంచుకోవాలి.