రాజుగారి విరగని సంఖ్య

ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజుండేవాడు. ఆయనకు ఏదైనా సరే రెండేసి ఉండాలి. గొడుగులు రెండు, కాలిపీటలు రెండు. ఆయన నోట ఏ ఆజ్ఞ వెలువడినా భటుడు దాన్ని రెండుసార్లు అరవాలి. అదీ ఆయన దర్జా!

ఒకసారి ఆయనకు కోటద్వారం మీద ఓ సంఖ్య చెక్కించాలనిపించింది. తన రాజ్యంలాగే దాన్ని కూడా ఎవరూ సమభాగాలు చెయ్యలేకపోవాలి. ఆస్థాన గణితపండితుడు త్రివిక్రమభట్టు ఆరునెలలు బుర్ర బద్దలు కొట్టుకుని 547 తెచ్చాడు. ఒకట్లుగా విడగొడితే తప్ప, దాన్ని ఎలా పంచినా ఎంతో కొంత మిగిలిపోతుంది.

"మూడంకెలేనా? మా అంతస్తుకు ఇంత పొట్టిదా! పక్కనే ఇంకోసారి రాయించు," అన్నాడు రాజు.

భట్టు చేతులు కట్టుకున్నాడు. "చిత్తం ప్రభూ! విరగనిదాన్ని రెండుసార్లు రాస్తే అసలే విరగదు," అనేశాడు. భయంలో లెక్క చూసుకోలేదు పాపం.

547547! చెక్కడానికొచ్చిన శిల్పి ఓబన్న నోరు ఊరుకోలేదు. "పొడుగైతే గట్టిదవుతుందా ప్రభూ? మా రాళ్లలో పొడుగాటివే ముందు విరుగుతాయి."

రాజు భగ్గుమన్నాడు. "వీణ్ణి చెరలో వెయ్యండి! ఈ సంఖ్య విరిగిన రోజున వదలండి!"

ఓబన్న భార్య నాంచారమ్మ కోటలోని అమ్మవారికి పూలు కట్టే మనిషి. సంగతి ఆమె చెవిన పడింది. ఆ సంఖ్య విరిగేదెప్పుడు, మొగుడు ఇంటికొచ్చేదెప్పుడు? ఏడుస్తూనే పూలబుట్ట ముందేసుకుంది. చేతులు దండ కడుతున్నాయి, నోరు అలవాటుగా లెక్కపెడుతోంది. ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోయింది.

"ఓరి నాయనో!" అంటూ దండ చేతపట్టుకునే సభకు పరుగెత్తింది.

"ప్రభూ, అమ్మవారికి రోజూ వెయ్యిన్నొక్క పువ్వు కడతాను. ఏడు దండలు, దండకు నూటనలభై మూడు. ఒక్కటి మిగలదు, ఒక్కటి తగ్గదు. అలా ఐదువందల నలభై ఏడు రోజులు కడితే మొత్తం ఎన్ని పూలో భట్టుగారిని చెప్పమనండి."

భట్టు తాటాకు మీద లెక్క వేశాడు. "రోజుకు వెయ్యి చొప్పున ఐదు లక్షల నలభై ఏడు వేలు... పైన ఒక్కొక్కటి చొప్పున ఐదువందల..." గంటం చేతిలోంచి జారిపోయింది. ద్వారం మీద చెక్కించాల్సిన సంఖ్యే!

నాంచారమ్మ చేతిలోని దండ ఎత్తి చూపించింది.

"రోజూ ఏడు దండలూ సమానమే కదా! అంటే మీ సంఖ్య ఏడు సమభాగాలయింది ప్రభూ. ఒక్క రేకు కూడా మిగల్లేదు."

రాజు ముఖం పాలిపోయింది. "వేరే మూడంకెలు రెండుసార్లు రాసి చూడు భట్టూ!"

భట్టు 613613 రాశాడు. ఏడుతో భాగించాడు. అయ్యో, శేషం సున్నా!

"ఏ మూడంకెలైనా ఇంతే. ఆరువందల పదమూడైతే అన్ని రోజులు కడతాను, అంతేగా!" అంది నాంచారమ్మ. "భట్టుగారు తెచ్చింది నిజంగా విరగనిదే ప్రభూ. రెండుసార్లు రాయించి విరిచింది తమరే."

భట్టు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. రాజు మాత్రం పొట్ట పట్టుకుని పకపకా నవ్వేశాడు.

"ఓబన్నను వదలండి! ఇకమీదట మా రాజ్యంలో ఏదైనా ఒక్కటే, ఒక్కసారే. ఈవిడకు పట్టుచీర ఇప్పించండి!"

నాంచారమ్మ కళ్లు తుడుచుకుని వంగి దణ్ణం పెట్టింది.

"చీర విషయంలో మాత్రం పాత పద్ధతే ఉండనివ్వండి ప్రభూ!"