కుడికాలి చిలక

అనగనగా ఒక కొండవాలు అడవిలో, ఇప్పచెట్టు మీద ఒక చిలకల గుంపు కాపురం ఉండేది. పిల్లలూ, మనలో ఎక్కువమందిది కుడిచేతి వాటం కదా. చిలకల్లో ఎక్కువవాటిది ఎడమకాలి వాటం. పండును ఎడమకాలితో పట్టుకుని, కుడికాలి మీద నిలబడి తింటాయి. ఎడంచేత్తో తినకని మన ఇళ్ళల్లో కసిరినట్టే, కుడికాలితో తినకని ఆ చెట్టు మీద పెద్దలు కసిరేవారు. వైపు మారినా కసరడం మాత్రం మారలేదు, చూశారా.

ఆ గుంపులో కెంపి అనే తల్లి చిలక ఉండేది. దాని ఒక్కగానొక్క కూతురు పొన్ని. పొన్నిది పుట్టుకతోనే కుడికాలి వాటం. మధ్యాహ్నం అందరూ ఒకే కొమ్మ మీద వరసగా కూర్చుని తినేటప్పుడు, అది ఎత్తిన కాలు పక్కవాళ్ళ కాలికి తగిలి పండ్లు కింద పడేవి. అందుకని గుంపు పెద్ద అయిన వంకరముక్కు తాత, పాత కట్టుబాటు ప్రకారం పొన్నిని కొమ్మ కొసకు పంపించాడు. కొసన ఆకులుండవు. పైన తిరిగే డేగకు అక్కడ కూర్చున్నవాళ్ళు బాగా కనిపిస్తారు.

"కుడికాలి వాళ్ళకు ఆయుష్షు తక్కువమ్మా," అన్నాడు తాత కెంపితో. "మా తాతల నాటి నుంచీ చూస్తున్నాం. పదిమందిలో ఒకరు పుడతారు. ఏడాది తిరక్కుండా పోతారు. వాళ్ళ రాత అంతే."

కెంపి తల వంచుకుని వింది.

మొదటి రోజు కాలు మార్చుకోమని కూతురికి చెప్పింది. పొన్ని ఎడమకాలితో పట్టి చూసింది. పండ్లన్నీ జారిపోయాయి, అందరూ నవ్వారు. రెండో రోజు కొసన భయంగా ఉందని పొన్ని చెప్పుకుంది. పిరికితనం మంచిది కాదని కెంపి బుద్ధి చెప్పి పంపింది. మూడో రోజు పొన్ని తల్లి దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది.

"అమ్మా, ఈ ఒక్కపూట నువ్వు నాకు అవతల, కొస వైపు కూచుంటావా? నా కాలు నీకు తగులుతుంది. అయినా కూచుంటావా?"

కెంపికి కూర్చోవాలనే ఉంది. కానీ ఇన్నాళ్ళకు తాత భార్య పక్కన, గుబురాకుల్లో, దానికి చోటు దొరికింది. లేచి వెళితే నలుగురూ ఏమనుకుంటారో అనిపించింది.

"రేపు చూద్దాంలే అమ్మడూ," అంది.

ఆ పూటే డేగ వచ్చింది. పొన్ని అరిచేలోగా ఎత్తుకుపోయింది.

కెంపి గుండెలు పగిలేలా ఏడ్చింది. ఓదార్చడానికి గుంపంతా వచ్చింది. ఆయుష్షు తక్కువని తాను ముందే చెప్పానన్నాడు తాత. అందరూ తలలూపారు. చెప్పడానికి సిగ్గేస్తోంది పిల్లలూ, కెంపి కూడా ఊపింది.

మర్నాడు కొమ్మ కొస ఖాళీగా ఉంది. ఆలస్యంగా వచ్చిన తాత మనవడికి వేరే చోటు దొరక్క అక్కడే కూర్చున్నాడు. వాడిది చక్కటి ఎడమకాలి వాటం. డేగ కాలు చూసి వస్తుందా ఏమిటి? వాడినీ ఎత్తుకుపోయింది.

ఈసారి రాత మాట ఎవరూ ఎత్తలేదు. తాత వలవలా ఏడ్చి, ఆ సాయంత్రమే కొత్త కట్టుబాటు పెట్టాడు. కొసన కూర్చోవడం ప్రమాదమట. ఇకమీదట అందరూ ఆకుల్లోనే సర్దుకుని కూర్చోవాలట. కాళ్ళు తగిలితే తగలనివ్వాలట.

కెంపి ముందుకు వచ్చింది.

"ఈ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదు తాతా?"

తాత నేల చూపులు చూశాడు. గుంపునంతటినీ కసితీరా తిట్టాలనుకుంది కెంపి. తిట్టలేకపోయింది.

"నిన్ను అని ఏం లాభం," అంది చివరికి. "నా బిడ్డ నన్నే అడిగింది. నేనే జరగలేదు."

నీతి: మనం గెంటిన చోట ఒకరి ప్రాణం పోతే, అది వాళ్ళ రాత కాదు. గెంటినవాళ్ళ తప్పు, చూస్తూ ఊరుకున్నవాళ్ళ తప్పు.