ఖాళీగా నిలబడ్డ టేబుళ్లు

ఆ రోజు ఆ గడిలో టిక్కు పెట్టనిది తనేనని కోటేశ్వరి ఏడు నెలలుగా ఎవరితోనూ అనలేదు. అమ్మతో అనలేదు. దణ్ణం పెట్టుకునేటప్పుడు మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. సగం దాకా వచ్చి మాట మార్చేసేది. అలాంటిది ఒక ఆదివారం మధ్యాహ్నం, క్లాసయ్యి మిగతావాళ్లు మెట్లు దిగి వెళ్లిపోయాక, అక్కర్లేకపోయినా చీపురు తీసి గది ఊడుస్తూ, వరహాలు మాస్టారిని అడ్డదారిలో ఒక ప్రశ్న అడిగింది.

"మాస్టారండీ, పాడైన పని ఎలాగో బాగుపడిపోయిందనుకోండి. ఆ తప్పు ఇంకా ఉన్నట్టా, పోయినట్టా?"

వరహాలు మాస్టారు ఐటీఐలో ముప్పయ్యేళ్లు పాఠం చెప్పి రిటైరైన మనిషి. ఊళ్లో లైబ్రరీ మేడ మీద గది ఒకటి అడిగి పుచ్చుకుని, నాలుగు పాత కంప్యూటర్లు పెట్టుకుని, ఆదివారాలు ఎవరొస్తే వాళ్లకి డేటాబేసు పని నేర్పేవారు. ప్రశ్నకి మాటతో జవాబు చెప్పడం ఆయన అలవాటు కాదు. "బ్యాకప్ ఎందుకండీ" అని అడిగిన శిష్యుడొకడు గంటసేపు చేసుకున్న పని మీద కరెంటు స్విచ్చి ఆపేసి, ఆయన తాపీగా టీ తాగారని చెప్పుకునేవారు. ఆ శిష్యుడు మళ్లీ ఆ మాట ఎవరినీ అడగలేదట.

కోటేశ్వరి ప్రశ్న విని ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. ఆ జవాబు తెలియాలంటే ముందు ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో చెప్పుకోవాలి.

గోదావరి సముద్రంలో కలిసే ముందు మిగిలే చివరి ఊళ్లలో వాళ్లదొకటి. అక్కడ ఆడవాళ్లు ఇంటింటా లేసు అల్లుతారు. అల్లిక వేళ్లలో ఉంటుందే తప్ప కాయితం మీద ఉండదు, కాబట్టి ముసలమ్మ పోతే ఆమె నమూనా కూడా పోతుంది. అలా పోకూడదని లేసు సంఘంలో గుమాస్తాగా ఉన్న సలోమి రెండేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగింది. అరుగుల మీద కూర్చుని, "ఎన్ని గొలుసులేశారు పెద్దమ్మా, ఇప్పుడు సూది ఎక్కడ గుచ్చారు" అని ఒక్కొక్క కుట్టూ అడిగి చిత్తుకాయితాల మీద రాసుకుని, తెచ్చి కంప్యూటర్లో ఎక్కించింది. ఎక్కించాక ఆ చిత్తులు ఉంచలేదు. ఒక టేబుల్లో నమూనాలు, ఒక దాంట్లో అల్లేవాళ్ల పేర్లు, మూడో దాంట్లో ఎవరికి ఏది వచ్చో. నమూనాలే ఆరువందల పన్నెండు.

అందులో ఒకటి కోటేశ్వరి అమ్మమ్మ చిట్టెమ్మది. నెమలి పింఛం. ఆమె చూపు సగం పోయాక, వేళ్లతో తడుముకుంటూ మూడు సాయంత్రాలు కూర్చుని చెప్పింది. చెప్పిన మూడువారాలకి పోయింది. అప్పటికి కోటేశ్వరి ఇంటర్ ఆపేసి, ఫోన్లో వీడియోలు చూసి డేటాబేసు నేర్చుకుంటూ, నేర్చుకున్నది ఎవరికి చూపించాలో తెలియక ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుండేది. ఆమెని సంఘానికి తీసుకెళ్లింది సలోమే. తన కుర్చీ ఇచ్చి, తాను స్టూలు లాక్కుని కూర్చుంది. "నీకు ఓపిక ఒక్కటే లేదే కోటీ, మిగతావన్నీ ఉన్నాయి" అని రోజుకోసారి దెప్పేది, దెప్పుతూనే తన కేరేజీలో కూర పెట్టేది.

వేసవిలో కొత్త కంప్యూటరు వచ్చింది. పాతది ఇచ్చేస్తే షాపువాడు కొంత తగ్గిస్తానన్నాడు. టేబుళ్లు అటు మార్చే పని నేను చూసుకుంటానని కోటేశ్వరే ముందుకొచ్చింది. అది ఆమెకి తెలిసిన విద్య. టేబుల్‌ని స్క్రిప్టుగా దింపడమంటే, అల్లిన లేసు పంపకుండా అల్లే తీరు రాసి పంపడం లాంటిది. ముందు ఇన్ని గడులతో టేబుల్ కట్టు, తర్వాత ఈ వరస పెట్టు, ఆ తర్వాత ఈ వరస పెట్టు అని మామూలు అక్షరాల్లో రాసిన ఫైలు అది. దాన్ని కొత్త మిషన్లో నడిపితే, చెప్పింది చెప్పినట్టు చేసుకుంటూ పోతుంది.

దింపేటప్పుడు తెర మీద రెండు గడులు కనిపించాయి. టేబుళ్ల కట్టుబడి అని ఒకటి, లోపలి సమాచారం అని ఇంకొకటి. మొదటి దానికి టిక్కు ఉంది. రెండో దానికి తనే పెట్టాలి. కోటేశ్వరి అది చూడలేదు. ఫైలు తయారైంది, కొత్త మిషన్లో నడిపింది, మూడు టేబుళ్ల పేర్లూ వరసగా నిలబడ్డాయి. "వచ్చేశాయండి" అంది. తెరిచి లోపల చూడలేదు. ఆ సాయంత్రమే షాపువాడు పాతదాన్ని పట్టుకెళ్లాడు, మర్నాటికి దాన్ని శుభ్రంగా తుడిచేశాడు.

నాలుగో రోజు అధ్యక్షురాలు భాగ్యరత్నం గారు ఒక నమూనా కోసం తెరిస్తే, గడుల పేర్లున్నాయి, కింద ఒక్క వరసా లేదు. పాత మిషన్ మీద ఆ చివరి రోజు పొద్దున రెండు నమూనాలు ఎక్కించిన చెయ్యి సలోమిది. ఏదో నొక్కేసి ఉంటుందిలే అని ఒకరన్నారు, వయసు మీద పడుతోంది కదా అని ఇంకొకరన్నారు. "నేను చెరపలేదండి" అని సలోమి ఒక్కసారే అంది. ఆ ఖాళీ తెరని కాసేపు చూసింది. మూడు టేబుళ్లూ ఒకదాని తర్వాత ఒకటి తెరిపించి చూసింది. కోటేశ్వరి ఆ సమయంలో మూల కూర్చుని దారపు ఉండలు రంగు ప్రకారం సర్దుతోంది. తెల్లదారం అంతా ఒకటే రంగు. అయినా సర్దుతూనే ఉంది. సలోమి కేరేజీ తీసుకుని వెళ్లింది, మళ్లీ రాలేదు.

వానలు పట్టాక ఒక ఆదివారం మాస్టారు కోటేశ్వరి చేతిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టారు. సలోమి ఇమ్మందని, మీ మిషన్లో నడపమందని, అంతే చెప్పారు. సలోమికి ఒక అలవాటుండేదని కోటేశ్వరికి అప్పుడు గుర్తొచ్చింది. నెలాఖరున టేబుళ్ల లోపలివన్నీ స్క్రిప్టుగా దింపి, జిరాక్సు షాపులో ప్రింటు తీయించి ఇంట్లో దాచుకునేది. "మిషన్ పోయినా అక్షరం కళ్లకి ఆనుతుంది కదే" అనేది. అప్పుడు నవ్వింది కోటేశ్వరి. ఆ కాయితాల కట్ట ముందేసుకుని, చర్చి ఆఫీసులో కంప్యూటరు ఖాళీగా ఉండే గంటల్లో కూర్చుని, సలోమి మొత్తం మళ్లీ టైపు చేసింది.

సోమవారం పొద్దున ఎవరూ రాకముందే కోటేశ్వరి ఆ ఫైలు నడిపింది. అన్ని వరసలూ ఒక్క ఊపులో ఎక్కేశాయి. భాగ్యరత్నం గారు వచ్చి చూసి, గుండెల మీద చెయ్యేసుకుని, "నువ్వే తెప్పించావా తల్లీ" అన్నారు. నోరు తెరిచే లోపల కోటేశ్వరి తల ఊగిపోయింది. సలోమి పోగొడితే కోటి తెచ్చిందని ఆ వారంలో ఊరంతా అన్నారు. ఇక ఈ వచ్చే శనివారం సర్వసభ్య సమావేశంలో కోటేశ్వరికి శాలువా కప్పుతారు. సలోమి పేరు సభ్యుల జాబితాలోంచి తీసేసే తీర్మానం కూడా అదే రోజు పెడతారు. ఆమె మళ్లీ సంఘంలో కాలు పెట్టే వీలుండదు.

ఇదీ ఆ ప్రశ్న వెనకాల ఉన్నది. మాస్టారికి ఇందులో ఎంత తెలుసో కోటేశ్వరికి తెలియదు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని, కిటికీ పక్క మిషన్ చూపించి, దాన్ని నిన్ననే కొత్తగా సిద్ధం చేశానని, అందులో ఏమీ లేదని చెప్పారు. తన దగ్గర సలోమి ఫైలుకి నకలు ఒకటి ఉందని, అది ఇక్కడ నడిపి చూపించమన్నారు. కోటేశ్వరి చీపురు గోడకి ఆనించి వచ్చి కూర్చుంది. ఇంతటి ప్రశ్న అడిగితే ఈయన పని చెబుతున్నారేమిటని కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా.

నడిపింది. మొదటి వరస దగ్గరే ఆగిపోయింది. అలాంటి టేబుల్ లేదని ఎర్రటి అక్షరాల్లో వచ్చింది. మళ్లీ నడిపింది. మళ్లీ అదే.

ఫైలు చెడిపోయిందా అని అడిగారు మాస్టారు. చెడిపోలేదని, ఇందులో లోపలి వరసలు మాత్రమే ఉన్నాయని, అవి కూర్చోవడానికి టేబుళ్లు ముందు ఉండాలని, ఇక్కడ లేవు గనక ఆగిందని ఆమె గడగడా చెప్పింది. మరి మీ సంఘంలో ఎలా ఎక్కిందన్నారు. అక్కడ టేబుళ్లు ఉన్నాయి కదండీ అంది. ఎవరు కట్టారన్నారు. నేనేనండి అంది.

అన్నాక ఆ మాట ఆమె చెవిలోనే ఉండిపోయింది. సలోమి కావాలంటే మొత్తం పనిని మళ్లీ మొదటినించీ చేసి ఉండేది, కట్టుబడితో సహా. కట్టుబడి రాయలేదు. వరసలు మాత్రమే రాసింది. అంటే, అక్కడ టేబుళ్లు సరిగ్గా నిలబడే ఉన్నాయని, వాటి లోపలికి ఏదీ రాలేదని ఆమెకి తెలుసు. ఒకరు పొరపాటున చెరిపితే ఒక టేబుల్ పోతుంది. మూడూ ఒక్కలా ఖాళీగా ఉన్నాయంటే దింపిన చేతిదే లోపం. ఆ రోజు మూడింటినీ తెరిపించి చూసినప్పుడే సలోమికి అర్థమైపోయింది. అయినా ఏడు నెలలుగా ఊళ్లో ఒక్కరితోనూ అనలేదు.

కోటేశ్వరి చేతులు కీబోర్డు మీదనించి ఒళ్లోకి జారాయి.

"ఈ ఫైలు ఎప్పుడైనా తెరిచావా?" అన్నారు మాస్టారు.

"నడిపానండి."

"నడిపావు సరేనమ్మా. తెరిచి చూశావా అంటున్నాను."

చూడలేదు. ఆ రోజు తన ఫైలూ తెరవలేదు, ఈ ఫైలూ తెరవలేదు. ఇప్పుడు తెరిచింది. అన్నిటికన్నా పైన, రెండేసి చిన్న గీతలతో మొదలయ్యే వరసలు మూడున్నాయి. అలా గీతలు పెట్టి రాసినదాన్ని మిషన్ పట్టించుకోదు, దాటేసి కింద ఉన్నదానికి పోతుంది. ఈ క్లాసులో చేరిన మొదటి వారంలో మాస్టారే చెప్పిన సంగతి. కోటేశ్వరి పెదవులు కదుపుతూ చదివింది.

-- కోటీ, నీ టేబుళ్లు బాగా కట్టావు. గడుల పేర్లు ఒక్కటీ తప్పలేదు, ఆ రోజే చూశాను.

-- లోపలివి తేవడం మరిచావు, అంతే. ఇవిగో.

-- మీ అమ్మమ్మ గారి నెమలి పింఛం మూడువందల నలభయ్యో వరస. రాత్రి టైపు చేసింది కాదు, పొద్దున కళ్లు బాగున్నప్పుడు చేశాను. అయినా నువ్వోసారి సరిచూసుకో.

కోటేశ్వరి మూడువందల నలభయ్యో వరసకి వెళ్లింది. ఆరు గొలుసులు వేసి మొదటి దాంట్లో కలపాలి. చుట్టూ పద్దెనిమిది కుట్లు. అక్కడ దారం కొంచెం వదులు చెయ్యాలి, లేకపోతే పింఛం ముడుచుకుంటుంది. ఆ చివరి మాట నమూనాది కాదు, అమ్మమ్మది. ఆమె అలాగే అంటుండేది, ముక్కు మీద వేలేసుకుని. సలోమి దాన్ని కూడా వదలకుండా రాసుకుంది, పోయినదాన్ని మళ్లీ వదలకుండా టైపు చేసింది.

ఏడుపు వస్తుందనుకుంది గాని, ముందు ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టయింది. తనని ఇంతగా కనిపెట్టుకుని ఉన్న మనిషి ఊళ్లోనే, రెండు వీధుల అవతలే ఉందన్నమాట. ఈ ఏడు నెలలూ ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్లింది తను. ఇంత మంచితనం రుణం ఏమిచ్చి తీర్చుకుంటుంది? సలోమక్కకి చెప్పాలనుకున్న మాటలు మనసులో వందసార్లు రాసుకుంది. కుర్చీ ఇచ్చినందుకు, కూర పెట్టినందుకు, అమ్మమ్మ మాటని బతికించినందుకు.

కొంగుతో ముఖం తుడుచుకుని, ఇప్పుడే ఫోను చేసి సలోమక్కకి దణ్ణాలు చెబుతానండి అంది. ఆమె చేసిన మేలు జన్మలో మరిచిపోనని చెబుతానంది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదంది.

వరహాలు మాస్టారు లేచి, గోడకి ఆనించిన చీపురు తీసుకుని, ఆమె వదిలేసిన మూలనించి ఊడవడం మొదలుపెట్టారు. కిటికీ పక్క మిషన్ తెర మీద ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. ఆయన వాటివైపు గడ్డం ఎత్తి చూపించారు.

"ఇందాక ఇక్కడ వరసలన్నీ ఉన్నాయి కదమ్మా. ఏది ముందు లేక ఆగిపోయాయి?"

"టేబుళ్లండి" అంది కోటేశ్వరి. తర్వాత సంచిలోంచి ఫోను తీసింది. ముందు భాగ్యరత్నం గారి నంబరు కనిపించింది. ఆవిడకి తర్వాత చెప్పాలి, శనివారం లోపలే చెప్పాలి. వేలు కిందికి జరిపి, ఏడు నెలలుగా తాకని పేరు దగ్గర ఆపింది. దణ్ణాలు తర్వాత. మొదటి మాట ఏమిటో ఇప్పుడు తెలుసు. ఆ మాట పైకి అనడం ఇదే మొదటిసారి అవుతుంది.