తీర్పు పెట్టిన అర

రాజుగారి కచేరీలో తాటాకులన్నీ గుట్టపడి, కావలసిన ఆకు ఎప్పుడూ అడుగునే ఉండేది. మేదరి గురవమ్మ గోడకు తగిలించే వెదురు తడక అల్లి తెచ్చింది. అందులో ఆకుకొక అర ఉంది. ఏదీ మరోదాన్ని కప్పదు. అది పరీక్షలో నెగ్గితే ఆమెకు ఏడాదంతా పని. పరీక్షించమని రాజు ప్రధాని భైరవయ్యకు చెప్పాడు.

భైరవయ్య దాన్ని ఒంటిచేత్తో ఎత్తి చూశాడు. "బరువు లేదు, నగిషీ లేదు. కచేరీకి పనికిరాదు," అని ఒక ఆకు మీద తీర్పు రాసేశాడు.

గురవమ్మ నొచ్చుకోలేదు. "తమ చిత్తం. ఇది రేపు రాజుగారికి చూపాల్సిన ఆకు కదా, ఎక్కడ పెట్టమంటారు దొరా?" అంది.

భైరవయ్య తన బల్లమీది గుట్ట వంక చూశాడు. "అక్కడ పెడితే మళ్ళీ దొరకదు. ఈ అరలోనే పెట్టు."

మర్నాడు రాజు వెతక్కుండానే ఆ తీర్పు తీసి చదివాడు. ఇంకో పది తడకలు అల్లమన్నాడు.