ముంగిస మేస్త్రి గృహప్రవేశం

అదో పెరడర్రా. ఓ పక్క గడ్డిమేటు, ఓ పక్క ఎద్దుల పాక, మధ్యలో మునగచెట్టు. ఆ పెరట్లో నల్లపెట్ట అని ఓ ముసలి కోడి ఉండేది. దాని కూతురు ఎండాకాలంలో తెగులొచ్చి పోయింది. ఏడుగురు పిల్లల్ని ఈ ముసలిదాని రెక్కల కింద పడేసి పోయింది.

అప్పుడంటే గుప్పెడేసి ఉండేవారు, గంప కింద సరిపోయేరు. ఇప్పుడు ఈకలొచ్చేసేయి, కాళ్ళు సాగేయి. తెల్లారి గంప ఎత్తితే చాలు, ఒకటే గోల.

"అమ్మమ్మా, వీడు నా మొహం మీద కాలెట్టేడు!"

"మరి నీ మొహం నా కాలు కిందకెందుకొచ్చింది?"

ఇల్లు కట్టాలి. నల్లపెట్టకి తెల్లారినా పొద్దుగూకినా అదే దిగులు. కూతురు ఏడుగుర్ని అప్పజెప్పింది, ఏడుగురూ పెద్దవ్వాలి. అంతే, ఇంకో కోరిక లేదు.

పాకలో ముసలెద్దునడిగింది. "ఇటుక ముక్కలు నేను లాక్కొస్తాను చెల్లెమ్మా. కట్టడం అంటావా, నాకేం తెలుసు? పుట్టిన కాణ్ణించీ ఒకరు కట్టిన పాకలో పడుండేవాణ్ణి," అంది ఎద్దు.

"నన్నడగొచ్చుగా పిన్నీ!" అంటూ గడ్డిమేటు వెనకనించి ముంగిస వచ్చేడు.

ఆ పెరట్లో ముంగిసంటే మహా గౌరవం. వాడొచ్చేక పాము అడుగెట్టలేదు మరి. పిల్లలంతా "మావయ్యొచ్చేడు, మావయ్యొచ్చేడు" అని చుట్టూ మూగేరు.

"నీకెందుకబ్బాయ్ శ్రమ?" అంది నల్లపెట్ట.

"శ్రమేంటి పిన్నీ? పోయిన చెల్లి పిల్లలంటే నా పిల్లలు కాదూ? ఈ ఊళ్ళో నేను తవ్వని కన్నం లేదు. ఇల్లంటే నాకు తెలిసినట్టు ఎవడికి తెలుసు?"

చెల్లి అన్న మాటకే దానికి కళ్ళమ్మట నీళ్ళొచ్చేసేయి. ఇంకేం అడుగుతుంది?

పని మొదలెట్టేరు. ఎద్దు ఇటుకలు లాగింది. నల్లపెట్టా పిల్లలూ మట్టి తొక్కేరు. పందికొక్కులు తవ్వకుండా కింద బండ పరిచేరు. ముందు వైపు పైనించి జారే చెక్క తలుపు. ముంగిస మేస్త్రి తోక ఊపుకుంటూ అటూ ఇటూ తిరిగి చెప్పేవాడు.

"వెనక గోడకి కిందగా ఓ కంత వదులు పిన్నీ. కింద గాలి చల్లగా ఉంటుంది."

"అలాగేనబ్బాయ్."

"పిల్లలెక్కి పడుకునే కర్ర ఆ కంత పక్కనే కట్టు. బాగా కిందకి. పసివాళ్ళు, పడితే కాళ్ళిరుగుతాయి."

"నిజమేనబ్బాయ్, నాకు తోచనే లేదు."

నాలుగో రోజు మధ్యాహ్నం, ఎండకి అందరూ నీడన పడ్డారు. నల్లపెట్ట మాత్రం గోడ తడారిందా లేదా చూద్దామని వెనక్కెళ్ళింది. చూస్తే ఏముంది! ముంగిస ఆ కంతలో తల పెట్టి చూసుకుంటున్నాడు. మీసాలు రెండు పక్కలా తగిలేయి. తల తీసి, పచ్చి మట్టి ఇంత గీకేడు. మళ్ళీ పెట్టేడు. ఈసారి భుజాలదాకా దూరేడు. అక్కణ్ణించి చెయ్యి చాపి పిల్లలెక్కే కర్ర అందుతుందో లేదో చూసుకున్నాడు. అందింది. మూతి నాక్కున్నాడు.

నల్లపెట్టకి అంతా అర్థమైపోయింది. అరుపు గొంతుదాకా వచ్చింది. ఆపుకుంది. అరిస్తే పారిపోతాడు, పారిపోయినవాడు మళ్ళీ వస్తాడు. చప్పుడు చెయ్యకుండా పాకలోకెళ్ళి ఎద్దు చెవిలో అంతా చెప్పింది.

"తొక్కెయ్యమంటావా?" అంది ఎద్దు.

"నీకు దొరుకుతాడా అన్నయ్యా? నేను చెప్పినట్టు చెయ్యి చాలు."

వాడు గడ్డిమేటులో నిద్దరోతున్నప్పుడు ఎద్దు ఓ విరిగిన రోలు దొర్లించుకొచ్చి ఆ కంతకి అడ్డం పెట్టేసింది. సాయంత్రం నల్లపెట్ట వాణ్ణి పిలిచింది.

"ఇవాళే గృహప్రవేశం అబ్బాయ్. మా ఇళ్ళల్లో ఓ ఆనవాయితీ ఉంది. ఇల్లు కట్టిన మేస్త్రి ముందు లోపలికెళ్ళాలి. మూలమూలా తిరిగి బాగుందనాలి. ఆ తరవాతే మేం అడుగుపెడతాం."

ముంగిసకి నోరూరింది. తనెళ్ళేక వెనకే ఏడుగురూ వస్తారు. ఇంక కంతతో పనేముంది?

"పెద్దదానివి, నీ మాట కాదంటానా?" అని దర్జాగా లోపలికెళ్ళేడు. "బ్రహ్మాండం పిన్నీ! రండర్రా పిల్లలూ!"

"వస్తారబ్బాయ్. వెనక మూల కూడా చూడు."

వెళ్ళేడు. ఎద్దు కొమ్ముతో చెక్క దించేసింది. దానికి నడ్డి ఆనించి నిలబడి నెమరేసుకోడం మొదలెట్టింది.

"పిన్నీ! తలుపు పడిపోయింది!"

"పళ్ళేదబ్బాయ్, వేసేం."

లోపల దబదబా పరుగు. కంత దగ్గరకెళ్ళేడు, రోలు తగిలింది. బండ గీరేడు, గోళ్ళు జారేయి.

"పిన్నీ, బుద్ధొచ్చింది! ఆలోచించు, నేను లేకపోతే పాములొస్తాయి!"

"పామొస్తే మేం అరుస్తాం రా. మేం అరిస్తే కర్ర పట్టుకొచ్చే వాళ్ళున్నారు. నువ్వొస్తే ఎవరూ అరవరు. మావయ్యొచ్చేడని ఎదురొస్తారు. నా భయం అదీ."

చీకటి పడకుండానే ఇంటావిడ మంగాయమ్మ గడ్డి వెయ్యడానికొచ్చింది. అదిలించినా ఎద్దు కదలదు. అనుమానం వచ్చి చెక్క సందులోంచి చూసింది. పెద్దబ్బాయిని కేకేసి గోనెసంచి తెప్పించింది. ముంగిసని సంచిలో వేసి, కాలవ అవతల లాకులు దాటించి, తుప్పల్లో వదిలేసొచ్చేరు.

మర్నాడు నల్లపెట్ట ఆ కింద కంత ఇటుకా మట్టీ పెట్టి పూడ్చేసింది. గాలికి పైన చిన్న చిన్న కంతలు చాలనుకుంది. కర్ర తెచ్చి నట్టనడుమ, ఏ గోడకీ అందకుండా ఎత్తుగా కట్టించింది. పేలు పట్టకుండా కింద బూడిద జల్లింది. ఆ సాయంత్రం పిల్లలు లోపలికెళ్ళేరు. చివర నేను, మధ్యలో నేను అని కాసేపు తన్నుకున్నారు. తరవాత ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని సద్దుమణిగేరు.

నల్లపెట్ట లెక్కపెట్టుకుంది. ఏడుగురూ ఉన్నారు. "ఉన్నారే అమ్మా, అందరూ ఉన్నారు," అంది, లేని కూతురితో. కూతురు పోయిన కాణ్ణించీ ఒక కన్ను తెరిచే పడుకునేది. ఆ పూట రెండు కళ్ళూ మూసుకుంది.

అంచేత, ఇల్లు కట్టుకునేప్పుడు సలహా చెప్పేవాడి మాటొక్కటే వినకండర్రా, వాడు ఏ కంత కొలుచుకుంటున్నాడో కూడా చూసుకోండి.