వరహాలు పెట్ట ఇంగ్లీషు యాస

"వరహాలు గారూ, ఓ వరహాలు గారూ. కాస్త దడి దగ్గరికి రండి మేడం, మీ గుడ్‌మార్నింగు ఇంకోసారి విందాం."

పిలిచింది జీడితోట నక్క. దడికి ఇవతల పెంటకుప్ప మీద తొమ్మిది పిల్లల్ని వేసుకుని పురుగులు ఏరుతున్న నాటుకోడిపెట్ట వరహాలు, తనని మేడం అన్నందుకే సగం కరిగిపోయింది.

ముందురోజు పక్క దొడ్లో టర్కీ కోడికి ఎంతో ప్రేమగా గుడ్‌మార్నింగు చెప్పింది. ఆయన ఎర్రటి మెడ ఓరగా వంచి "పార్డన్?" అన్నాడు. మళ్ళీ చెప్పింది. మళ్ళీ "పార్డన్?" మూడోసారి చెప్పేలోగా నూకలు తినడానికి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ వరహాలుకి మెతుకు సయించడం లేదు. ఇంగ్లీషు రాదంటే సరిపెట్టుకునేది. వచ్చి కూడా ఎదుటివాడికి అర్థం కాకపోవడం ఎంత అవమానమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

"ఇంత వయసొచ్చాక యాస మారుతుందా మాస్టారూ?"

"వయసుదేముంది మేడం. కావాల్సింది రెండే. గట్టి కోరిక, మంచి ప్లాను. కోరిక ఎందుకో మీరు చెప్పండి, ప్లాను నేనిస్తాను."

వరహాలు టర్కీ దొడ్డి వైపు ఒక్కసారి చూసి, మొహం రెక్కలో దాచుకుంది.

"అర్థమైంది. లోకంలో ఇంగ్లీషంతా ఇలాంటి కోరికతోనే మొదలైంది," అన్నాడు నక్క మాస్టారు. "ఇక అసలు సంగతి. మిమ్మల్ని పట్టిచ్చేది ఆ 'ర' ఒక్కటే. గద్ద కనబడితే మీరేమంటారు?"

"క్ర్ర్ర్ర్ అంటాను. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ ముళ్ళలో దూరిపోతారు."

"అయ్యయ్యో. పెద్దింటి కోళ్ళు అలా అరుస్తాయా మేడం? ఎంత ప్రమాదమొచ్చినా 'ఓ డియ...' అంటాయి. చివర 'ర' మింగేస్తాయి. రోజుకి రెండు గంటల చొప్పున నలభై రోజులు సాధన చెయ్యండి. ఆ క్ర్ర్ర్ర్ పూర్తిగా మర్చిపోండి. నలభై ఒకటో రోజు పిల్లలతో సహా తోటలోకి వస్తే ఆరుబయట పరీక్ష పెడతాను. పిల్లలు తప్పకుండా రావాలి. శ్రోతలు లేకపోతే యాస నిలవదు."

ఆయన వెళ్ళాక పక్కనే తౌడు నాకుతున్న బోడిమేక తలెత్తింది.

"వదినా, నీకు చదువు చెప్పడానికి నక్కే దొరికిందా? నీ పిల్లల్ని చూసి చొంగ కారుస్తున్నాడు."

"అది ఉచ్చారణ వదినా. పెదాలు తడిగా ఉంటేనే పలుకు మెత్తగా వస్తుంది."

"నాకైతే ఆకలిలా కనబడింది."

"తౌడు తినేవాళ్ళకి అన్నీ ఆకలిలాగే కనబడతాయి," అంది వరహాలు. మేక మళ్ళీ తొట్టిలో తల పెట్టింది.

ఆ మధ్యాహ్నమే వరహాలు టైంటేబులు మొదలుపెట్టింది. నేల చదును చేసి కాలిగోటితో నలభై గళ్ళు గీసింది. సాధన చేసిన రోజు బంతిరేకు, చెయ్యని రోజు బొగ్గుముక్క పెట్టాలనుకుంది. రేకులు ఏరుకొచ్చేసరికి పొద్దువాలింది. మర్నాడు చూస్తే పిల్లలు గళ్ళన్నీ కెలికేశారు. మళ్ళీ గీసింది. గీశాక, వారం మధ్యలో మొదలుపెడితే కలిసిరాదనిపించింది. సోమవారం వచ్చింది గానీ ఆ రోజు మబ్బుగా ఉంది. మబ్బులో గొంతు విచ్చుకోదు కదా. పై సోమవారం నుంచి అయితే నిండుగా ఉంటుందని గళ్ళు పెద్దవి చేసింది. ఒక్కో గడి చూస్తూ కూర్చుంటే కళ్ళముందు వెన్నెల కాసేది. ఆ వెన్నెల్లో టర్కీ దొర పక్కన నడుస్తూ తను 'ఓ డియ...' అనేది, ఆయన ఒక్కసారి కూడా పార్డన్ అనకుండా తల ఊపేవాడు. అంత హాయిగా ఉన్నాక ఇక సాధన ఎందుకు?

నక్క మాస్టారు రోజూ దడి దగ్గర ఆగి అడిగేవాడు.

"ఎంతసేపు చేశారు మేడం?"

"రెండు గంటలు మాస్టారూ."

"అద్భుతం. చిన్నవాడు కూడా కండపట్టాడే."

ఏనాడూ ఒక్క మాట పలికించి వినలేదు. చూపంతా పిల్లల మీదే. తన బిడ్డలంటే ఆయనకెంత మమకారమో అని వరహాలు కళ్ళు చెమర్చేవి.

నలభై ఒకటో రోజు మేక ఎంత చెప్పినా వినకుండా, ఈకలు దువ్వుకుని, పిల్లల్ని వెంటేసుకుని దడి దాటింది. జీడితోటలో నక్క మాస్టారు పిల్లల్ని వరసగా నిలబెట్టించాడు. అందరికన్నా చిన్నవాణ్ణి ముందు పెట్టమన్నాడు.

"మేడం, ఇప్పుడు ప్రమాదం వచ్చిందనుకోండి," అని నడుం వంచాడు. "ఏమంటారు? నిదానంగా, మెత్తగా."

అంటూనే ఎగిరాడు.

వరహాలుకి తెరుచుకున్న నోట్లో కోరలు కనబడ్డాయి, వాటి కింద చిన్నవాడు కనబడ్డాడు. టర్కీ దొర కనబడలేదు.

"క్ర్ర్ర్ర్ర్ర్ర్!"

ఒక్క 'ర' కూడా మింగలేదు. పెంటకుప్ప మీద పుట్టిన 'ర'లన్నీ కట్టగట్టుకుని వచ్చాయి. పిల్లలు తొమ్మిదీ చెల్లాచెదురై రేగుపొదలో దూరిపోయాయి. వరహాలు జీడికొమ్మ ఎక్కేసింది. చిన్నవాడి కోసం పొదలో మూతి పెట్టిన మాస్టారు మూతినిండా ముళ్ళతో బయటికొచ్చాడు.

నక్క ముళ్ళు పీక్కుంటూ తలెత్తి చూశాడు. ఆ చూపులో ఆకలి కన్నా గురువుగారి మనస్తాపమే ఎక్కువగా ఉంది.

"ఇంత మోసమా మేడం. నలభై రోజులు. రోజుకి రెండు గంటలన్నారు. ఆ అరుపు మర్చిపోయారనుకున్నాను. మర్చిపోయిన అరుపు ఇంత చక్కగా ఎలా వచ్చింది?"

వరహాలు తోక సర్దుకుంది. తన బిడ్డని మింగబోయిన నోటికి జవాబు చెప్పక్కర్లేదని తెలుసు. అయినా అడిగింది మాస్టారు. సిగ్గుతో తల వంగిపోయింది.

"ఏదీ, నా మొహం చూసి చెప్పండి."

పిల్లలు పొదలోంచి ఒక్కొక్కటే తలలు బయటపెడుతున్నాయి. తొమ్మిదీ లెక్క సరిపోయాక వరహాలు గొంతు సవరించుకుని, తన పెరటి యాసలో అందరికీ వినబడేలా చెప్పేసింది.

"ఒక్క రోజు కూడా చెయ్యలేదు మాస్టారూ. టైంటేబులు మాత్రం పదకొండుసార్లు మార్చాను."

నీతి: ప్రాణం మీదికొచ్చినప్పుడు నోట వచ్చేదే మన యాస, తక్కినదంతా టైంటేబులు.